ఎముక దగ్గర ఎరుపు

టర్కీ కోళ్లు వచ్చేసరికి ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం మూడు దాటింది. డెలివరీ మనిషి రెండు థర్మాకోల్ పెట్టెలు గుమ్మంలో దించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. సంధ్యారాణి ఒక పెట్టె మూత తీసింది. లోపల తెల్లటి ప్లాస్టిక్ కవరులో, కాళ్లు ముడుచుకుని, పసిబిడ్డంత కోడి రాయిలా గడ్డకట్టి ఉంది. ఆమె, సైదులు చెరోవైపు పట్టుకుని దించితే స్టీలు బల్ల ఠంగుమంది.

"గిది రేపు పగటీలికి తినాల్నా?" అన్నాడు సైదులు. వేలిగోటితో కవరు మీద గీకి చూశాడు. సొట్ట కూడా పడలేదు.

రెండో పెట్టెలోది జనవరి ఒకటి ఆర్డరుకి. దాన్ని అలాగే డీప్ ఫ్రీజర్లోకి నెట్టారు.

కొత్తపేట రైతుబజారు వెనక సందులో ఒక ఇంటి కింది భాగమంతా అమల కిచెన్. ఆఫీసులకు భోజనాలు, చిన్న ఫంక్షన్లకు బిర్యానీలు అక్కడి నుంచే పోతాయి. పొయ్యి దగ్గర సైదులు. కూరగాయలు కోయడం, డబ్బాలు సర్దడం సంధ్యారాణి. ఇద్దరిదీ నల్లగొండ వైపే. ఆమెను ఈ పనిలో పెట్టించింది కూడా అతనే. ఇన్నేళ్లలో ఆ వంటగదిలోకి టర్కీ కోడి రావడం ఇదే మొదలు. ఎల్బీ నగర్‌లో ఉండే సుగుణ మేరీ అనే రిటైర్డ్ టీచరు క్రిస్మస్ భోజనానికి ముప్పైమందిని పిలుచుకుంది. బిర్యానీతో పాటు టర్కీ రోస్టు కూడా పెడితే బాగుంటుందని ఆవిడకు ఆశ పెట్టింది గౌతమ్. అతను ఆ కిచెన్ యజమాని అమలకు అన్నయ్య కొడుకు. పుణెలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, అక్కడే ఒక పెద్ద హోటల్లో కొన్నాళ్లు చేసి, రెండు నెలల కిందట మేనత్త దగ్గరికి వచ్చాడు.

గౌతమ్ వచ్చి కవరు చింపి చూశాడు. "మొన్ననే రావాల్సింది. వాళ్లే లేటు చేశారు," అన్నాడు.

"నీళ్లల్ల ఏద్దాం సారూ," అన్నాడు సైదులు. "అరగంటకోసారి నీళ్లు మారుస్తే పొద్దుగాల్లకు విడుస్తది. నేనుంటా ఈడనే."

"అక్కర్లేదు మాస్టారూ. ఉప్పునీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెడదాం. లోపలిదాకా ఉప్పు పడుతుంది, మంచూ కరుగుతుంది."

"ఫ్రిజ్‌ల వెడితె మంచు ఎట్ల కరుగుతది?"

గౌతమ్ నవ్వాడు. కోపంగా కాదు, చిన్నపిల్లాడి ప్రశ్నకు నవ్వినట్టు. "హోటల్లో ఇలాగే చేస్తారు. నేను చూశాను."

సైదులు పెద్ద బకెట్టు కడిగి తెచ్చాడు. సంధ్యారాణి ఉప్పు, చక్కెర, మిరియాలు, బిర్యానీ ఆకులు గౌతమ్ చెప్పిన లెక్కన నీళ్లలో కలిపింది. చెయ్యి పెట్టి తిప్పుతుంటే వేళ్లు కొంకర్లు పోయాయి. కోడిని అందులో దించి, తేలకుండా పైన పళ్లెం పెట్టి, దానిమీద రాతి రోలు బోర్లించి, ముగ్గురూ కలిసి బకెట్టును ఫ్రిజ్‌లోకి తోశారు.

మర్నాడు ఆరింటికి సంధ్యారాణి వచ్చేసరికే సైదులు బిర్యానీ మాంసం మసాలాలో కలిపి పెట్టి ఉన్నాడు. కోడి బల్ల మీద పళ్లెంలో నీళ్లోడుతూ ఉంది. పైన తోలు మెత్తబడింది, నొక్కితే సొట్ట పడుతోంది. సైదులు చొక్కా చెయ్యి పైకి మడిచి, కోడి కడుపులోకి మణికట్టు దాకా చెయ్యి దూర్చాడు. వెంటనే బయటికి తీసి, వేళ్లు ఎర్రబడితే నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాడు.

"నువ్వు వెట్టి చూడు చెల్లె."

ఆమె పెట్టి చూసింది. పక్కటెముకల వెనక, తొడ అతుక్కున్నచోట, వేళ్లకు గాజుపెంకులా గట్టిగా తగిలింది.

గౌతమ్ వెన్న గిన్నెతో వచ్చాడు. సైదులు చెప్పాడు. లోపల ఇంకా మంచుంది, ఇలాగే ఓవెన్లో పెడితే పైన మాడుతుంది, ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది. పెద్ద వంట గంజు అడుగున నీళ్లు పోసి, జల్లెడ పళ్లెం మీద కోడిని కూర్చోబెట్టి, మూతకు పిండి చుట్టి గంటన్నర ఆవిరి మీద ఉంచుదాం. లోపలంతా ఉడికినాక రంగు కోసం ఓవెన్‌లో పెట్టుకోవచ్చు.

"మాస్టారూ, ఇది బిర్యానీ కాదు," అన్నాడు గౌతమ్. "ఉడికిస్తే రోస్టెలా అవుతుంది? తోలు కరకరలాడదు. టీచరుగారికి ఫొటో కూడా పంపించాను ఎలా ఉంటుందో."

"తోలు గాదు సారూ, మంది తినేది లోపటిది."

"నేను చూసుకుంటాను."

పక్క గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. అది అమల ఆఫీసు గది. తలుపు ఓరగా ఉంది. సైదులు ఆ తలుపు వైపోసారి చూసి, బిర్యానీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

గౌతమ్ తోలు కిందికి వేళ్లు పోనిచ్చి, చిరగకుండా నెమ్మదిగా విడదీసి, వెన్న, వెల్లుల్లి, కొత్తిమీర కాడలు కూరాడు. చెయ్యి నైపుణ్యం ఉన్న చెయ్యే. కాళ్లు రెండూ దారంతో కట్టాడు. అయినా ఓవెన్లో పెడితే కాళ్లు తలుపుకి తగులుతున్నాయి. ట్రేను అడ్డంగా తిప్పి, మోకాళ్లతో తోసి, మూడుసార్లకు తలుపు పట్టించాడు. అప్పటికి టైము ఏడూ పది.

తొమ్మిదింటికి వంటగదంతా వెన్న కాగిన వాసన నిండింది. పైనింటి వాళ్ల కోడలు గీత మెట్ల మీంచి తొంగిచూసి ఏమిటని అడిగింది. గౌతమ్ అరగంటకోసారి తలుపు తెరిచి, అడుగున చేరిన కొవ్వును గరిటెతో తీసి కోడిమీద పోస్తున్నాడు. పదిన్నరకు తోలు ముదురు బెల్లం రంగుకు వచ్చింది. సంధ్యారాణికి అది నిజంగా అందంగా కనిపించింది. సైదులు సన్నని ఇనప సీకు తెచ్చి తొడ మూలలో గుచ్చి తీశాడు. గుచ్చినచోట లేత ఎర్రటి నీరు బుడగలా వచ్చి పక్కకు జారింది.

"ఇంకో గంట పడ్తది సారూ. పైన వెండి కాగితం కప్పుండ్రి, మాడకుంట."

"పదకొండుకి బయల్దేరాలి. పన్నెండున్నరకి ప్రార్థన అయిపోతుందట, ఆవిడ రెండుసార్లు ఫోన్ చేశారు."

"జర ఆలిశమైతదని చెప్పుండ్రి."

ట్రాలీ ఆటో సందులోకి రాలేకపోయింది. రైతుబజారు బండ్లు అడ్డంగా ఉన్నాయి. బిర్యానీ గిన్నెలు మెయిన్‌రోడ్డు దాకా మోసుకుపోవాలి. సైదులు, ఆటో మనిషి కర్రకు గిన్నె వేలాడదీసి భుజాల మీద ఎత్తుకుని వెళ్లారు.

వాళ్లు సందు తిరగగానే గౌతమ్ ఓవెన్ తెరిచాడు. థర్మామీటర్ రొమ్ము భాగంలో గుచ్చి చూశాడు. "డెబ్బై ఆరు డిగ్రీలు. అయిపోయింది. అక్కా, ఆ పక్క పట్టుకో."

సంధ్యారాణి గుడ్డలు రెండూ చేతుల్లోకి తీసుకుని ఆగింది. "అన్న ఇంకో గంటన్నడు గద సారూ."

"అన్నకి బిర్యానీ తెలుసు. మీటరు చూపిస్తోంది కదా. పట్టుకో, చల్లారిపోతుంది."

ఆమె పట్టుకుంది. ట్రే అనుకున్నదానికంటే బరువుంది. బయటికి లాగుతుంటే కొవ్వు ఒకవైపుకి పారి, ట్రే ఒరిగింది. దాన్ని నిలబెట్టబోయి ఆమె కుడి మణికట్టు ఓవెన్ కడ్డీకి తగిలింది. చుర్రుమంది. కేక పెట్టకుండా పళ్లు బిగించి బల్లదాకా మోసి, ట్రే దించాకే చెయ్యి నల్లా కింద పెట్టుకుంది.

సైదులు తిరిగొచ్చేటప్పటికి గౌతమ్ కోడిని వెండిరంగు కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. సైదులు ఖాళీ ఓవెన్‌ను చూశాడు. తర్వాత సంధ్యారాణిని చూశాడు.

"తీసిన్రా?"

"తీసిన్రన్నా," అంది ఆమె, చెయ్యి నీళ్ల కిందే ఉంచి.

సైదులు పెట్టె దగ్గరికి వెళ్లి, మూత మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. "సారూ, నా మాటినుండ్రి. ముసలోల్లుంటరు, పిల్లలుంటరు."

"లోపలి వేడికి దారిలో ఇంకా ఉడుకుతుంది మాస్టారూ. అదంతా లెక్కే." గౌతమ్ పెట్టె ఎత్తుకుని సందులోకి నడిచాడు.

రెండింటికి ఫోన్ వచ్చింది. అమల తన గదిలోంచే మాట్లాడింది. చాలాసేపు వింటూ, మధ్యలో "అయ్యో మేడమ్", "అలాగా మేడమ్" అని మాత్రం అంది. ముప్పైమంది చుట్టూ నిలబడి ఫొటోలు తీస్తుంటే సుగుణ మేరీ కోడిని కోసిందట. పైన ముక్కలు బాగానే వచ్చాయి, ఏడెనిమిది మందికి వడ్డించారు. తొడ దగ్గరికి వచ్చేసరికి కత్తి వెంట నెత్తురు కారి తెల్లటి బల్లగుడ్డ మీద పడిందట.

అది ఆ రోజు. మర్నాడు పొద్దున టీచరు అల్లుడు స్వయంగా వచ్చాడు. ఆ ముక్కలు తిన్నవాళ్లలో టీచరు అక్కగారు ఒకరు, డెబ్బై ఆరేళ్ల మనిషి. రాత్రంతా వాంతులు, విరేచనాలు. మలక్‌పేట వైపు ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చి సెలైన్ ఎక్కిస్తున్నారు. అతను కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"వండినోడెవరో నాకు చెప్పండి. ఆమెకు ఏమన్నా అయితే? మీరు చెప్పకపోతే నేను ఫుడ్ ఆఫీసర్ల దగ్గరికి పోతా."

"ఐదు నిమిషాలు టైమివ్వండి సార్," అని అమల వంటగదిలోకి వచ్చి తలుపు దగ్గరేసింది. నలభై అయిదేళ్ల మనిషి. తెనాలి నుంచి వచ్చి, చేత్తో క్యారియర్లు మోసి ఈ కిచెన్ నిలబెట్టిందని సందులో అందరికీ తెలుసు. ఆ పూట ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"ఓవెన్లోంచి ముందే ఎవరు తీశారు?" అంది.

గౌతమ్ గోడకు ఆనుకుని ఉన్నాడు. "నేను టీచరుగారితో ఫోన్లో ఉన్నానత్తా. ఇంకో నలభై నిమిషాలు ఉంచమని మాస్టారికి చెప్పాను. ఆటో వచ్చిందని తొందరపడి తీసేసినట్టున్నారు."

అతను ఆ మాట నేలకేసి చూస్తూ చెప్పాడు. చెప్పాక చెవులు ఎర్రబడ్డాయి.

"నేను తీయలే మేడం," అన్నాడు సైదులు. "నేను ఆటో కాడ ఉన్న."

అంతే అన్నాడు. ఆవిరి మాట ఎత్తలేదు, మంచు మాట ఎత్తలేదు. సంధ్యారాణి ఉల్లిగడ్డల గంప ముందు కూర్చుని ఉంది. అమల ఆమె వైపు తిరిగింది.

"సంధ్యా, నువ్వు ఇక్కడే ఉన్నావుగా. ఎవరు తీశారు?"

ఇంటర్ చదువుతున్న కూతురు కుసుమ గురించి, నెలల తరబడి లారీ మీద తిరిగే మొగుడి గురించి ఆలోచించే అలా అన్నానని సంధ్యారాణి తర్వాత తనకు తాను చెప్పుకుంది. కానీ ఆ క్షణంలో అవేమీ తట్టలేదు. అమల కళ్లు తనమీద ఉన్నాయి, గౌతమ్ తెల్లబూట్లు తన గంప పక్కనే ఉన్నాయి. సైదులు ఎడంవైపు నిలబడి ఉన్నాడు. ఆమె అటు తల తిప్పలేదు.

"నేను డబ్బాలు సర్దుతున్న మేడం," అంది. "చూడలే."

చేతిలో ఉల్లిగడ్డ ఉంది. దాని పొట్టు ఒలుస్తూనే ఉంది. మణికట్టు మీద పొంగిన బొబ్బ ఆ కదలికకు లాగింది. అమల చూపు ఒక్క క్షణం ఆ చేతి మీద ఆగి, పక్కకు పోయింది.

పొయ్యి మీద పప్పు పొంగింది. సైదులే వెళ్లి మంట తగ్గించాడు. తర్వాత ఏప్రన్ విప్పి మడతపెట్టాడు. గూట్లోంచి తన రెండు కత్తులు తీసుకుని, వాటిని తువ్వాలలో చుట్టాడు.

"పప్పుల ఉప్పెయ్యలే ఇంకా," అని చెప్పి, వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.

ముందు గదిలో అమల గొంతు వినిపించింది. "ఆ మనిషిని తీసేశాం సార్. ఇప్పుడే పంపించేశాం."

పొయ్యి సంధ్యారాణికి వచ్చింది. అమల పిలిచి చెప్పలేదు. మర్నాడు పప్పు, సాంబారు, వేపుడు ఎవరో ఒకరు చెయ్యాలి, ఆమె చేసింది. మూడోనాటికి కూరగాయలు కోయడానికి కోటేశ్వరమ్మ అనే కొత్త మనిషి వచ్చింది. పొద్దున ఎన్ని కిలోల బియ్యం నానపెట్టాలని సంధ్యారాణినే అడిగింది. రెండేళ్లు పక్కనుండి చూసిన వంటే కాబట్టి చేతులకు తెలుసు. మసాలా డబ్బాల మూతలు తీస్తుంటే వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టుండి తిరిగి చూసేది. ఎవరూ ఉండేవారు కాదు.

గౌతమ్ ఆమెతో మునుపటికంటే మర్యాదగా మాట్లాడుతున్నాడు. "అక్కా, మీరు కూర్చోండి, నేను తీస్తాను," అని గిన్నెలు దించబోయేవాడు. ఆమె వినిపించుకోనట్టు తనే దించుకునేది.

దవాఖానలో ముసలావిడ కోలుకుందని, ఇంటికి తెచ్చారని ఇరవై ఎనిమిదిన తెలిసింది. అమల దేవుడి పటానికి దండం పెట్టుకుంది. ఆ సాయంత్రమే వంటగదిలోకి వచ్చి డీప్ ఫ్రీజర్ మూత ఎత్తి చూసింది.

"జనవరి ఒకటి ఆర్డరిచ్చిన ప్రసన్నకుమార్‌గారు ఒప్పుకోవట్లేదు. కోడి బదులు ఇంకేదైనా చేస్తామన్నాను. ఆఫీసు వాళ్లందరికీ చెప్పేశారట, కొత్త సంవత్సరం భోజనానికి టర్కీ ఉండాల్సిందేనంటున్నారు. నెలనెలా వాళ్ల ఆఫీసు భోజనాలు మనవే, కాదనలేను." మూత దించింది. "గౌతమ్ దీన్ని ముట్టుకోడు. నువ్వే చెయ్యాలి."

"నాకు రాదు మేడం. ఎన్నడు చెయ్యలే."

"ఆవిరి మీద ఉడికించి తర్వాత ఓవెన్లో పెట్టాలని అన్నాడుగా సైదులు. అలాగే చెయ్యి."

సంధ్యారాణి చేతిలో గరిటె ఆగింది. ఆ మాట సైదులు అన్నది క్రిస్మస్ పొద్దున, గౌతమ్‌తో. ఆ వేళ వంటగదిలో ఉన్నది ముగ్గురే. పక్కగది తలుపు ఓరగా ఉంది.

అమల అప్పటికే వెళ్లిపోయింది.

ఇరవై తొమ్మిది పొద్దున కోడిని ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పళ్లెంలో పెట్టింది. రోజుకు రెండుసార్లు చెయ్యి లోపలికి పోనిచ్చి చూసింది. ముప్పై ఒకటి సాయంత్రానికి మంచు పోయింది. వేళ్లకు మాంసమే తగిలింది. లోపలున్న మెడ, కార్జం, గుండెకాయల సంచి తీసి పక్కన పెట్టి, కోడిని ఉప్పునీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టి, తాళం వేసి ఇంటికి పోయింది. ఎల్బీ నగర్ చౌరస్తా నిండా రంగు కాగితాలు, కేకుల టేబుళ్లు. కుసుమ కేకు తెమ్మంది. తెచ్చింది. ఏమైందమ్మా అని కూతురు అడిగితే, నిల్చుని నిల్చుని కాళ్లు గుంజుతున్నయి అంది.

జనవరి ఒకటిన ఆరింటికి మొదలుపెట్టింది. పెద్ద గంజు అడుగున నాలుగు చెంబుల నీళ్లు, దాల్చినచెక్క, బిర్యానీ ఆకు. ఇటుకముక్క మీద జల్లెడ పళ్లెం, దాని మీద కోడి, రొమ్ము పైకి. గోధుమపిండి తాడులా పేని, అంచు చుట్టూ అంటించి మూత నొక్కింది. మూతమీద రాతి రోలు. మంట ఎంత ఉండాలో సైదులు చెప్పలేదు. బిర్యానీ దమ్ముకి అతను ఎలా పెడతాడో గుర్తు చేసుకుని అంతే పెట్టింది. గంటన్నర ఆ పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. పిండి ఎండి పగుళ్లిచ్చినచోట తడి పిండి మెత్తింది. మూతకు చెవి ఆనించి లోపల నీళ్లున్న చప్పుడు వింటూ కూర్చుంది.

మూత తీసినప్పుడు కోడి తెల్లగా, దీనంగా, పండక్కి పనికిరానట్టు ఉంది. చూసి భయపడింది. తడి తుడిచి, వెన్న, మిరియాలు, కొద్దిగా ఎండుకారం రాసి ఓవెన్లో పెట్టింది. మొదటి అరగంట ఏ మార్పూ లేదు. తర్వాత రొమ్ము మీద బంగారు రంగు మొదలై, నెమ్మదిగా కిందికి పాకింది. పదింపావుకి సీకు తెచ్చి తొడ మూలలో ఎముక తగిలేదాకా గుచ్చింది. తీసింది. తేటనీరు వచ్చింది. ఇంకో తొడలో గుచ్చింది. అక్కడా తేటగానే ఉంది.

కోటేశ్వరమ్మ ఒకవైపు పట్టుకుంటే బయటికి దించారు. అడుగున దిగిన రసంలో మైదా వేయించి కలిపి, సంధ్యారాణి గ్రేవీ కాచడం మొదలుపెట్టింది. అమల వచ్చి, తొడ పక్కన చిన్న ముక్క కోసి, ఎముక దగ్గర చూసి, నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది.

"బాగా వచ్చింది సంధ్యా," అంది. ఫోన్ తీసింది. "పక్కన నిలబడు, ఫొటో తీస్తా. మా చెఫ్ అని పెడతా."

సంధ్యారాణి గరిటె వదలకుండా తిరిగింది. ఫొటో తీయడం అయ్యాక, కోటేశ్వరమ్మ డబ్బాలు తేవడానికి అవతలికి వెళ్లింది.

"మేడం," అంది సంధ్యారాణి. "గా దినం కోడిని తీసింది గౌతం సారు. నేనొక పక్క వట్టుకున్న. నేను అబద్ధం చెప్పిన."

అమల ఫోన్లో ఫొటో చూస్తూనే ఉంది.

"తెలుసు," అంది.

పొయ్యి మీద గ్రేవీ కుతకుతలాడుతోంది.

"నీ చెయ్యి చూశాను ఆ రోజు. డబ్బాలు సర్దితే అలా కాలదు." అమల ఫోన్ దించింది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "వాడు మా అన్నయ్య కొడుకు. వాణ్ని పంపించేస్తే నేను మా పుట్టింటి గడప తొక్కలేను. కానీ సైదులు ఎనిమిదేళ్లు నా దగ్గర చేశాడు. నువ్వు గనక గౌతమ్ పేరు చెప్పుంటే, నలుగురి ముందూ చెప్పుంటే, వాణ్నే పంపించాల్సొచ్చేది నాకు. పంపించేదాన్నేమో. ఆ రోజు రాత్రంతా అదే ఆలోచించాను." కొంచెం ఆగింది. "నువ్వు చూడలేదన్నావు. నాకు పని తేలికైంది."

సంధ్యారాణి గరిటె తిప్పడం మానేసింది.

"అది అడుగంటుతోంది, చూసుకో," అంది అమల. తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సంధ్యారాణి తిరిగి గరిటె తిప్పింది. అడుగున ఉండలు కట్టాయి. ఒక్కొక్కదాన్నే గిన్నె అంచుకు నొక్కి చిదిపింది. నున్నగా అయ్యేదాకా తిప్పి, వడగట్టి, డబ్బాలో పోసి మూత పెట్టింది.

మూడింటికి పని అయింది. మెడ, కార్జం, గుండెకాయ కస్టమరుకు పంపేవి కావు. వాటిని ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలతో వేపుడు చేసి, డబ్బాలో సర్ది, తువ్వాలలో చుట్టుకుని బయల్దేరింది. సైదులు ఇల్లు సరూర్‌నగర్ చెరువు పక్క బస్తీలో, రెండో అంతస్తులో ఒకటే గది. అతని భార్య కౌసల్యమ్మ తలుపు తీసింది. లోపలికి రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. పక్కకు జరిగింది.

సైదులు చాప మీద కూర్చుని ఉన్నాడు. కుడి భుజానికి నొప్పుల మందు రాసుకున్న వాసన గదంతా ఉంది.

"ఒక టిఫిన్ సెంటర్ల దొరికింది పని," అంది కౌసల్యమ్మ. "పొద్దుగాల నాలుగు కొట్టంగ పోతడు. ఐదొందల మందికి వండిన చేతులతోని పిండి రుబ్బుతున్నడు."

"నువ్వూకో," అన్నాడు సైదులు. సంధ్యారాణికేసి చూశాడు. "రెండో కోడి అయ్యిందా?"

"అయ్యిందన్నా. ఇయ్యాలనే."

"ఎట్ల చేసినవ్?"

చెప్పింది. మూడు రోజులు కరగబెట్టడం, ఇటుకముక్క, పిండి తాడు, మంట. అతను ప్రతిదానికీ తలూపాడు. మంట దగ్గర ఆపి, "ఇంకింత తక్కువ వెట్టేదుండె," అన్నాడు. "నీళ్లు అయిపోలేదా?"

"లేదన్నా. చెవు వెట్టి వింటనే ఉన్న."

"గట్లనే." అతని ముఖంలో ఒక వెలుతురు కాస్త సేపు నిలబడింది. ఓవెన్‌లో ఎంతసేపు, రసం ఏ రంగు, తోలు చిరిగిందా అని ఇంకా అడిగాడు. అతనూ ఆ పక్షిని ఎప్పుడూ వండలేదు. మంచున్న కడుపులో చెయ్యి పెట్టి చూసి, తలలో వండుకున్నాడు. అది సరిగ్గానే వచ్చిందని ఇప్పుడు తెలిసింది.

"అన్నా, నేను ఇయ్యాల మేడంకు చెప్పిన. గా దినం తీసింది ఎవరో."

వెలుతురు పోయింది. "ఏమన్నది?"

"ఆమెకు ఎర్కనే అన్నది. నేను అప్పుడే చెప్పి ఉంటే..."

సైదులు నొప్పున్న భుజం నొక్కుకున్నాడు. "నువ్వు భయపడ్డవ్. భయపడితె అబద్ధం వస్తది నోట్లెకు, నాకు ఎర్కలేదా. గాని ఒక్కపారి నా దిక్కు చూస్తవనుకున్న. నిలవడ్డ గద ఆడనే. చూస్తవనుకున్న."

ఆమె అతని ముఖంలోకి చూసింది. చూడటానికి బలం కూడదీసుకోవాల్సి వచ్చింది.

"రేపు పనికి పోతవా?" అన్నాడు.

కౌసల్యమ్మ కూడా ఆమెకేసి చూసింది.

"పోతనన్నా," అంది సంధ్యారాణి.

"ఆఁ. పో." అందులో ఎత్తిపొడుపు లేదు. "బిడ్డ చదువుతున్నది."

ఆమె తువ్వాల విప్పి డబ్బా అతని ముందు పెట్టింది. అతను మూత తీశాడు. ఆవిరి ఇంకా వస్తోంది. మెడ ముక్క ఒకటి తీసి బొటనవేలితో నొక్కి చూశాడు. ఎముక నుంచి కండ ఊడివచ్చింది. దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, లోపలి వైపు చూశాడు.

"మంచిగ ఉడికింది," అన్నాడు.

ముక్కను తిరిగి డబ్బాలో పెట్టాడు. మూత పెట్టి, నాలుగువైపులా నొక్కి, ఆమె వైపు జరిపాడు.

"కుసుమకు వెట్టు."

"నీ కోసమే తెచ్చిన అన్నా."

"నాకొద్దు."

గట్టిగా కూడా అనలేదు. లేచి, చేతికి అంటిన నూనె బట్టలకు తగలకూడదన్నట్టు వేళ్లు ఎడంగా పట్టుకుని మూలనున్న నల్లా దగ్గరికి వెళ్లాడు. వాళ్లిద్దరికీ వీపు చేసి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. సబ్బు రుద్దాడు, మళ్లీ రుద్దాడు. నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఆగేలోపే సంధ్యారాణి డబ్బాను తువ్వాలలో చుట్టుకుని మెట్లు దిగింది.